డాక్టర్ ఫ్రాంక్‌ని ఎరిగినవాళ్లు చెప్పే మాటలు: నార్త్ కరొలైనా, 1950

మోరిస్‌విల్ మూర్తి:

రాలీ, కేరీ, చాపెల్ హిల్ వైపు మనవాళ్లం ఇంతమంది ఉన్నాం కదా, ఫ్రాంక్ పోర్టర్ గ్రాహం పేరు ఎంతమంది విన్నారు? పిల్లల్ని చాపెల్ హిల్‌లో చదివిస్తున్నవాళ్లు స్టూడెంట్ యూనియన్ భవనానికి ఉన్న పేరు చూసే ఉంటారు. 1930 నుంచి 1949 దాకా ఆ యూనివర్సిటీకి ఆయనే ప్రెసిడెంటు. తర్వాత ఇరవై నెలలు అమెరికా సెనేటర్. సౌత్ (దక్షిణాది రాష్ట్రాలు) లిబరల్స్‌లో పేరున్న మనిషి. 1950లో సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) ఓడిపోయారు. ఈ రాష్ట్రంలో పాత తరంవాళ్లు ఆ ఓటమి గురించి ఇప్పటికీ బాధగా, కోపంగా మాట్లాడతారు.

మా వీధిలో తొంభై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ ఎన్నికప్పుడు ఆయన చాపెల్ హిల్ విద్యార్థి. గ్రాహం తరఫున కరపత్రాలు పట్టుకుని ఊళ్లు తిరిగినవాళ్లలో ఒకరు. ఆ తర్వాత కూడా గ్రాహం చనిపోయేదాకా (1972) రాకపోకలు ఉండేవట. ఆయన చెప్పినవీ, నేను లైబ్రరీలో చదువుకున్నవీ కలిపి ఇక్కడ పెడుతున్నాను. మీకు తెలిసినవి కూడా రాయండి.

ముందు మనిషి గురించి. పొట్టిగా, బక్కగా ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెరైన్లలో చేరారు. చరిత్ర మాస్టారు. అందరూ 'డాక్టర్ ఫ్రాంక్' అనేవాళ్లు గానీ, కొలంబియాలో ఎం.ఏ. చేసి, చికాగోలో, లండన్‌లో చదివి కూడా పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. ఆ డాక్టర్ అన్నది గౌరవ పట్టాల వల్లా, జనం అభిమానం వల్లా వచ్చిందే. ప్రెసిడెంటుగారి ఇంటి తలుపులు ఆదివారం సాయంత్రాలు విద్యార్థులందరికీ తెరిచి ఉండేవి. ఒకసారి పరిచయమైతే పేరు, ఊరు, ఇంట్లోవాళ్ల క్షేమం అన్నీ గుర్తుపెట్టుకునేవారని ఆయన్ని ఎరిగిన ప్రతివాళ్లూ చెబుతారు.

1934లో సౌత్ అంతటా బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె జరిగింది. ఆయన పాత విద్యార్థి ఒకడు, సోషలిస్టు, అరెస్టయ్యాడు. యూనివర్సిటీ ప్రెసిడెంటు హోదాలో ఉండి, మిల్లు యజమానులు ట్రస్టీలుగా కూర్చున్న రోజుల్లో, ఆ కుర్రాడికి జామీను నేనిస్తానని టెలిగ్రాం పంపారు. ఉద్యోగం ఊడుతుందని అందరూ అనుకున్నారు. ఊడలేదు.

మా పెద్దాయన ఈ సంగతి చెప్పినప్పుడల్లా 'ఆయనకి శత్రువులు ఉన్నారుగానీ, ఆయన ఎవరికీ శత్రువు కాదు' అంటారు. వినడానికి బాగుంది. 1950లో చిక్కు వచ్చింది అక్కడే అని నా అనుమానం. అది తర్వాత రాస్తాను.

సత్తెనపల్లి శ్రీను:

మూర్తిగారూ, ఒక బేసిక్ డౌట్. సౌత్‌లో లిబరల్ అంటే ఏంటసలు? నల్లవాళ్లని వేరే బడుల్లో, వేరే బస్సు సీట్లలో కూర్చోబెట్టింది డెమోక్రాట్లే కదా? గ్రాహం కూడా డెమోక్రాటే. మరి ఎవరిమీద ఎవరు పోటీ?

పద్మజ కె.:

శ్రీనుగారూ, అది తేలకపోతే ఈ కథ అర్థం కాదు. నేను డిగ్రీ కాలేజీలో అమెరికా చరిత్ర కొంత చెప్పాను కాబట్టి చెప్తున్నా.

అప్పట్లో సౌత్ అంతా ఒకే పార్టీ రాజ్యం. నవంబరు ఎన్నిక పేరుకే. డెమోక్రాటిక్ ప్రైమరీ గెలిస్తే సీటు గెలిచినట్టే. ఒకే పార్టీలో నల్లవాళ్లని హింసించే కూ క్లక్స్ క్లాన్‌ని సమర్థించేవాళ్లూ ఉన్నారు, అధ్యక్షుడు రూజ్వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ సంక్షేమ పథకాల్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రైమరీలో ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే, రెండో స్థానంలో ఉన్నాయన అడిగితే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెడతారు. దాన్ని రన్ఆఫ్ అంటారు. 'అడిగితే' అన్నమాట గుర్తుపెట్టుకోండి, మూర్తిగారు దాని దగ్గరికి వస్తారు.

సౌత్ లిబరల్ అంటే ఆ రోజుల్లో ముందుగా డబ్బు విషయంలో లిబరల్. కరెంటు రావాలి, బడులు రావాలి, కూలి పెరగాలి, యూనియన్ పెట్టుకునే హక్కు ఉండాలి. 1938లో రూజ్వెల్ట్ ప్రభుత్వం సౌత్ ఆర్థిక పరిస్థితి మీద ఒక నివేదిక తెచ్చింది. దేశం మొత్తానికి సౌతే నంబర్ వన్ ఆర్థిక సమస్య అని రూజ్వెల్ట్ అన్నది ఆ సందర్భంలోనే. దాని సలహా సంఘానికి అధ్యక్షుడు గ్రాహం. అదే ఏడాది నవంబరులో బర్మింగ్‌హాంలో సదరన్ కాన్ఫరెన్స్ ఫర్ హ్యూమన్ వెల్ఫేర్ అని ఒక సభ జరిగింది. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి కూర్చుంటే పోలీసులు వచ్చి విడదీశారు. ఆ పోలీసు వ్యవహారాలు చూసింది బుల్ కానర్. 1963లో పిల్లల మీదికి కుక్కల్ని వదిలినాయనే. రూజ్వెల్ట్ భార్య ఎలినార్ తన కుర్చీని రెండు గుంపుల మధ్య వేయించుకుని కూర్చున్నారు. ఆ సంస్థకి మొదటి అధ్యక్షుడిగా ఎన్నుకున్నది కూడా గ్రాహంనే.

జాతి విషయానికి వచ్చేసరికి ఈ లిబరల్స్ చాలామంది నసుగుతారు. గ్రాహం కొంత నయం. ఎంత నయం అన్నది వాదించుకోవచ్చు.

మోరిస్‌విల్ మూర్తి:

థాంక్స్ పద్మజగారూ. ఇక 1950.

1949 మార్చిలో సెనేటర్ బ్రౌటన్ హఠాత్తుగా చనిపోయారు. ఖాళీ సీటుకి గవర్నర్ కెర్ స్కాట్ ఎవర్ని నియమిస్తాడా అని అందరూ లెక్కలు వేసుకుంటుంటే, చాపెల్ హిల్‌లో ఒక డిన్నర్ సభలో గ్రాహం పేరు ప్రకటించాడు. ఎవరూ ఊహించలేదు. గ్రాహంకి రాజకీయాల మీద ఆశ లేదు. గవర్నరూ, ఆయన పక్కన ఉన్న పత్రికా సంపాదకుడు జొనాథన్ డేనియల్సూ పట్టుబట్టి ఒప్పించారు. వాషింగ్టన్‌లో అడుగుపెట్టకముందే ఒహాయో సెనేటర్ బ్రికర్ సభలో లేచి ఈయన్ని నమ్మవచ్చా అని అడిగాడు. కారణం, గ్రాహం పేరు రకరకాల సంస్థల కాగితాల మీద ఉండేది. ఎవరు మంచి పని అని వచ్చి అడిగినా సంతకం పెట్టేసేవారు. వాటిలో కొన్నింట్లో కమ్యూనిస్టులు ఉన్నారు. అందుకే ఓక్ రిడ్జ్ అణు అధ్యయన సంస్థకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కూడా ఆయన సెక్యూరిటీ క్లియరెన్సు మీద గొడవైంది. భద్రతా బోర్డు వద్దంది, అణుశక్తి కమిషన్ ఇచ్చింది.

1950 మే 27న ప్రైమరీ. ఎదుటి మనిషి విల్లిస్ స్మిత్. రాలీలో పేరున్న లాయరు, అమెరికన్ బార్ అసోసియేషన్‌కి అధ్యక్షుడిగా చేసినవాడు. చెడ్డపేరు ఉన్న మనిషి కాదు. అంతకు మూడు వారాల ముందే ఫ్లోరిడాలో క్లాడ్ పెప్పర్ అనే ఇంకో లిబరల్ సెనేటర్‌ని 'రెడ్ పెప్పర్' అని పేరు పెట్టి ఓడగొట్టారు. ఇక్కడా ఎర్ర రంగు పూయాలని చూశారుగానీ, సగం రాష్ట్రం గ్రాహం దగ్గర చదువుకున్నదే. కమ్యూనిస్టు అంటే నమ్మేవాళ్లెవరు? గ్రాహంకి 48.9 శాతం, స్మిత్‌కి 40.5 శాతం. 53 వేల ఓట్ల ఆధిక్యం. సగానికి కాస్త ఇవతలే ఆగిపోయింది.

స్మిత్ రన్ఆఫ్ అడగకుండా వదిలేద్దామనుకున్నాడు. ఈలోపు జూన్ 5న సుప్రీంకోర్టు ఒకే రోజు మూడు తీర్పులిచ్చింది. టెక్సస్ లా స్కూలు, ఓక్లహోమా యూనివర్సిటీ, రైలు భోజనాల పెట్టె. మూడూ జాతి వేర్పాటుకి (తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ విడిగా ఉంచే పద్ధతికి) దెబ్బే. మర్నాడు రాలీలో డబ్ల్యూఆర్ఏఎల్ రేడియోలో స్మిత్ ఇంటికి వెళ్లి ఆయన్ని నిలబడమని అడగండని ప్రకటనలు వచ్చాయి. వాటి వెనక ఉన్నవాళ్లలో ఆ రేడియోలో వార్తలు చూసే కుర్రాడు ఒకడు. పేరు జెస్సీ హెల్మ్స్. జనం స్మిత్ ఇంటి ముందు గుమిగూడారు. స్మిత్ సరే అన్నాడు. జూన్ 24కి రన్ఆఫ్.

ఆ రెండున్నర వారాల గురించి మా పెద్దాయన ఎక్కువ మాట్లాడరు. 'తెల్లవాళ్లూ మేలుకోండి' అన్న కరపత్రాలు వచ్చాయి. మీ పక్కన నల్లవాళ్లు పనిచేయాలా, మీ ఆసుపత్రి గదిలో ఉండాలా, మీ పిల్లల్ని వాళ్లకిచ్చి పెళ్లి చేయాలా అని అందులో ప్రశ్నలు. గ్రాహం వెస్ట్ పాయింట్ సైనిక కాలేజీకి నల్లజాతి కుర్రాణ్ణి నియమించాడని ఫొటోతో సహా పంచారు. నిజానికి పరీక్ష పెట్టి మార్కుల్ని బట్టి తీశారు. ఆ కుర్రాడు ప్రత్యామ్నాయాల జాబితాలో ఉన్నాడంతే. సీటు తెల్లజాతి అబ్బాయికే వచ్చింది. ఒక సభలో ఆ అబ్బాయిని వేదిక మీద నిలబెట్టి చూపించారట కూడా. దిగిపోతుంటే జనంలో 'మరి ఆ రెండో వాణ్ణి ఎందుకు తీసుకురాలేదు?' అని గుసగుసలు.

పెద్దాయన చెప్పిందాంట్లో నాకు గట్టిగా పట్టింది ఇది. మొదటి రౌండులో చేయి కలిపి, కాఫీ ఇచ్చి, 'మా అన్నయ్య డాక్టర్ ఫ్రాంక్ దగ్గరే చదివాడు' అన్న ఇంటివాళ్లే రెండో రౌండులో తలుపు తీయలేదట. తిట్టలేదు. తీయలేదంతే.

దాదాపు 20 వేల ఓట్ల తేడాతో స్మిత్ గెలిచాడు. గ్రాహం తన ప్రచారంలో ఒక్కసారి కూడా స్మిత్‌ని పేరుపెట్టి తప్పుపట్టలేదు. సలహాదారులు ఎంత మొత్తుకున్నా వినలేదు. స్నేహితులు దీన్ని గొప్పతనంగా చెబుతారు. నాకు మాత్రం, అవతల అంత జరుగుతుంటే ఎదురు నిలబడకపోవడం ఆయన్ని నమ్మి తిరిగిన కుర్రాళ్లకి అన్యాయం చేయడమే అనిపిస్తుంది.

నల్గొండ నరేష్:

మూర్తన్నా, బాగా రాసినవ్. కానీ దోస్తులు చెప్పే జ్ఞాపకాల్లో ఎప్పుడూ ఒక మనిషి కనపడడు. ఈసారి ఒకామె.

పౌలీ మర్రే, నల్లజాతి యువతి. డర్హంలో పెరిగింది. అంటే మీ ఇంటి నుంచి కారులో అరగంట. 1938 చివర్లో చాపెల్ హిల్‌లో పై చదువుకి అప్లికేషన్ పెట్టింది. మీ జాతివాళ్లని చేర్చుకోం అని జవాబొచ్చింది. తమాషా ఏంటంటే, అదే డిసెంబర్ 5న రూజ్వెల్ట్ చాపెల్ హిల్‌కి వచ్చి గౌరవ డాక్టరేట్ తీసుకుని, ఈ యూనివర్సిటీ ఎంత ఉదారమైనదో అని పొగిడి పోయాడు. అది చదివి ఆమెకి మండింది. రూజ్వెల్ట్‌కే ఉత్తరం రాసింది. వారం తిరక్కముందే సుప్రీంకోర్టు మిజోరి లా స్కూలు కేసులో, నల్లవాళ్లకి రాష్ట్రంలోపలే సమానమైన చదువు చూపించాలని తీర్పిచ్చింది. అప్పుడైనా గ్రాహం తలుపు తీశాడా? తీయలేదు. రాష్ట్ర చట్టం ఒప్పుకోదు, మెల్లగా పోదాం, తొందరపడితే ఉన్నది కూడా పోతది అన్నాడు.

ఆమె తాతముత్తాతల కథ ఇంకా ఘోరం. ఆమె ముత్తవ్వ బానిస. ఆ బానిస యజమానుల కుటుంబం చాపెల్ హిల్ యూనివర్సిటీకి ట్రస్టీలుగా చేసినవాళ్లే, ఆస్తి రాసిచ్చినవాళ్లే. ఆమె రక్తసంబంధీకులే. వాళ్ల డబ్బు పనికొచ్చింది, ఆమె పనికిరాలేదు.

చాపెల్ హిల్ లా స్కూల్లో మొదటి నల్ల విద్యార్థులు చేరింది 1951లో. అదీ కోర్టు ఆర్డరుతో. అప్పటికి గ్రాహం అక్కడ లేడు. పంతొమ్మిదేళ్లు ప్రెసిడెంటుగా ఉన్నాయన చేయనిది కోర్టు చేసింది. ఆదివారం సాయంత్రం ఇంటి తలుపు అందరికీ తెరిచే ఉండేదని రాశావు కదా. అందరికీ కాదన్నా.

సత్తెనపల్లి శ్రీను:

దెబ్బ గట్టిగా తగిలింది 😐

పద్మజ కె.:

నరేష్, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. కానీ మనిషిని అక్కడితో మూసేయడం కూడా కుదరదు.

రెండో ప్రపంచ యుద్ధంలో గ్రాహం నేషనల్ వార్ లేబర్ బోర్డు సభ్యుడు. 1943లో టెక్సస్‌లోని ఒక చమురు కంపెనీ కేసు వచ్చింది. అక్కడ కూలీలని 'తెల్ల కూలీ', 'నల్ల కూలీ' అని రెండు తరగతులు చేసి, ఒకే పనికి రెండు రేట్లు ఇచ్చేవాళ్లు. ఆ తేడా రద్దు చేస్తూ బోర్డు తరఫున అభిప్రాయం రాసింది గ్రాహమే. చదివితే తెలుస్తుంది, మెల్లగా పోదాం అన్న గొంతు కాదది. బయట హిట్లర్‌తో యుద్ధం చేస్తూ లోపల ఇదేంటని నేరుగా అడుగుతాడు.

మళ్లీ 1947 తీసుకోండి. అధ్యక్షుడు ట్రూమన్ వేసిన పౌరహక్కుల కమిటీలో సౌత్ నుంచి ఇద్దరే సభ్యులు, గ్రాహం, అట్లాంటా నుంచి డొరతీ టిల్లీ. కమిటీ నివేదిక మీద ఇద్దరూ సంతకం పెట్టారు. వేర్పాటు పాటించే బడులకి కేంద్రం డబ్బు ఆపేయాలన్న సిఫార్సు దగ్గర మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు. డబ్బు ఆగితే ముందు దెబ్బతినేది పేద పిల్లలు, నల్లవాళ్లు కూడా, అన్నది వాళ్ల వాదన. బలవంతపు చట్టం కన్నా చదువు, మతం, మనసు మార్పు ముందు అనేవారు. ఉద్యోగాల్లో వివక్షని అరికట్టే సంస్థ ఎఫ్ఈపీసీ విషయంలోనూ ఆయన మాట అదే. కానీ 1950లో శత్రువులు ఆయన్ని ఎఫ్ఈపీసీ మనిషి అనే ఓడించారు! ఆయన సమర్థించనిదాన్ని ఆయన మెడలో వేశారు.

అంటే మెల్లగా పోయినందుకు మర్రే దగ్గర మాట పడ్డారు, తొందరపడుతున్నాడని ఓటర్ల దగ్గర ఓడిపోయారు. సౌత్ లిబరల్స్ చాలామంది బతుకు ఇదే.

విజయనగరం మాస్టారు:

చాలా రోజుల తర్వాత ఈ వేదికలో చదవదగ్గ చర్చ. గ్రాహం పేరు చూడగానే నాకు వేరే సంగతి తట్టింది. మన దేశంలో ఒక తరానికి ఆయన సెనేటర్‌గా తెలియదు. కాశ్మీర్ మధ్యవర్తిగా తెలుసు. 'గ్రాహం నివేదిక' అన్నమాట మా చిన్నప్పుడు పేపర్లో తరచూ వచ్చేది. మా నాన్నగారు దాన్ని చదివి విసుక్కునేవారు.

ఎన్నికలో ఓడిన మరుసటి ఏడాది, 1951 ఏప్రిల్‌లో, ఐక్యరాజ్యసమితి ఆయన్ని భారత్, పాకిస్తాన్‌లకి తన ప్రతినిధిగా వేసింది. ఆయనకి ముందు ఆస్ట్రేలియా న్యాయమూర్తి ఓవెన్ డిక్సన్ ప్రయత్నించి చేతులెత్తేశారు. గ్రాహం చేతిలో ఉన్న ప్రశ్న ఒకటే: ప్లెబిసైట్ (ప్రజాభిప్రాయ సేకరణ) జరగాలంటే రెండు పక్కలా సైన్యాలు ఎంత తగ్గాలి? 1952 డిసెంబరులో భద్రతామండలి తీర్మానంలో ఆ అంకెలు కనిపిస్తాయి. పాకిస్తాన్ వైపు 3,000 నుంచి 6,000, మన వైపు 12,000 నుంచి 18,000. ఆ హద్దుల్లో ఏదో ఒక అంకె మీద ఒప్పుకోండి అన్నారు. ఒప్పుకోలేదు. 1952లో జెనీవాలో మంత్రుల స్థాయి చర్చలకి మన తరఫున గోపాలస్వామి అయ్యంగార్, అటు జఫ్రుల్లా ఖాన్ కూర్చున్నారు. అదీ తేలలేదు. 1953 మార్చికి అయిదు నివేదికలు ఇచ్చి ఊరుకున్నారు. 1957లో కృష్ణ మీనన్ సుదీర్ఘ ప్రసంగాల తర్వాత వ్యవహారం మళ్లీ కదిలితే, మళ్లీ గ్రాహంనే పంపారు. 1958లో ఆరో నివేదిక. దానితోనూ ఏమీ జరగలేదు.

దీనికి ముందు ఆయనకి ఇండోనేషియాలో అనుభవం ఉంది. 1947-48లో డచ్చివాళ్లకీ ఇండోనేషియా రిపబ్లిక్‌కీ మధ్య రాజీ కుదిర్చిన ముగ్గురిలో ఒకరు. రెన్విల్ అనే అమెరికా యుద్ధనౌక మీద ఒప్పందం సంతకాలు జరిగాయి. అది కొంతైనా పనిచేసింది. కాశ్మీర్ చేయలేదు.

మూర్తిగారు ఎన్నిక గురించి రాసినది చదువుతుంటే, ఎదుటివాడిలో మంచిని వెతికి, అక్కడి నుంచి మాట కలుపుదామన్న పద్ధతే కాశ్మీర్‌లో కూడా కనిపించింది. నివేదికలు చూస్తే ఎవర్నీ తప్పుపట్టరు. ఇది ఒప్పుకున్నారు, అది మిగిలింది, ఇంకొంచెం ప్రయత్నిద్దాం. డిక్సన్ అలా కాదు, ఎవరెక్కడ మొండికేశారో రాసి వెళ్లిపోయాడు.

ఆస్టిన్ అనిల్:

మాస్టారూ, ఈ కోణం నాకు అసలు తెలియదు. థాంక్స్.

మా టెక్సస్ వైపు నుంచి వేరే రకం సౌత్ లిబరల్‌ని పరిచయం చేస్తా. రాల్ఫ్ యార్‌బరో. 1957 నుంచి 1971 దాకా సెనేటర్. గవర్నర్ పదవికి 1952, 1954, 1956 వరుసగా మూడుసార్లు పోటీచేసి ఓడిపోయినా వదల్లేదు. 1957లో ఖాళీ సీటుకి ప్రత్యేక ఎన్నిక వస్తే చాలామంది పోటీలో ఉండటంతో సగం ఓట్లు రాకుండానే గెలిచాడు. దానికి రన్ఆఫ్ లేదు! గ్రాహంకి లేని అదృష్టం. అంతర్యుద్ధంలో విడిపోయిన పదకొండు సౌత్ రాష్ట్రాల సెనేటర్లలో 1964 పౌరహక్కుల చట్టానికి ఓటేసింది ఒక్కడే. అది ఈయనే. అదే ఏడాది సీనియర్ బుష్ మీద గెలిచాడు.

'జామ్ సీసా కింది అరలో పెట్టండి, చిన్నవాళ్లకీ అందాలి' అన్నది ఆయన ఎన్నికల నినాదం. 1968లో ఇంగ్లీషు రాని పిల్లలకి సొంత భాషలో కూడా పాఠం చెప్పడానికి డబ్బిచ్చే చట్టం ఆయన తెచ్చిందే. మా పిల్లల స్కూల్లో ఇప్పుడు చూస్తున్న ద్విభాషా తరగతులకి మూలం అక్కడ ఉంది.

ఇక అసలు కథ. 1964 జులైలో ఫ్లోరిడా మాజీ గవర్నర్ లిరాయ్ కాలిన్స్‌ని పౌరహక్కుల చట్టం కింద పెట్టిన కొత్త సంస్థకి అధిపతిగా వేయాలి. సెనేట్ కమిటీ ఓటింగ్‌కి కోరం కావాలి. సౌత్ కరొలైనా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ గది బయట నిలబడి వచ్చినవాళ్లని లోపలికి పోనీయడం లేదు. యార్‌బరో వచ్చి నవ్వుతూ నువ్వే లోపలికి రా అని లాగబోయాడు. ఇద్దరూ 61 ఏళ్లవాళ్లు. కోట్లు విప్పి పాలరాతి నేల మీద కుస్తీ! థర్మండ్ ఈయన్ని కింద పడేసి పట్టుకున్నాడు. ఛైర్మన్ బయటికొచ్చి కేకలేస్తేగానీ వదల్లేదు. కాలిన్స్ నియామకం మాత్రం 16-1 ఓట్లతో పాసైంది. ఆ ఒక్క ఓటూ ఎవరిదో చెప్పక్కర్లేదు.

గ్రాహం అయితే థర్మండ్‌కి దారి ఇచ్చి, ఇంట్లో అందరూ కులాసానా అని అడిగేవాడేమో.

సత్తెనపల్లి శ్రీను:

థర్మండ్ అంటే 1957లో 24 గంటలకు పైగా ఆపకుండా మాట్లాడినాయనే కదా. నోటితో అయిపోయి చేతులదాకా వచ్చిందన్నమాట.

అనిల్ గారూ, యార్‌బరో చివరికి ఏమయ్యాడు?

ఆస్టిన్ అనిల్:

1970 ప్రైమరీలో లాయిడ్ బెంట్సన్ చేతిలో ఓడిపోయాడు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించడం, బడిలో ప్రార్థన, అన్నీ కలిపి వాడారు. అదే ఏడాది టెనెసీలో ఆల్బర్ట్ గోర్ (మనకి తెలిసిన గోర్‌గారి నాన్న) కూడా ఓడిపోయాడు.

మోరిస్‌విల్ మూర్తి:

నరేష్ చెప్పింది పట్టుకుని నేను మా పెద్దాయన్ని అడిగాను. పౌలీ మర్రే గురించి అప్పట్లో మాట్లాడుకునేవారా అని. ఆయన కాసేపు ఆలోచించి, 1977 దాకా ఆ పేరే వినలేదన్నారు. ఆ ఏడాది ఆమె ఎపిస్కోపల్ చర్చిలో ప్రీస్టు అయి, చాపెల్ హిల్‌లో, తన అమ్మమ్మకి చిన్నపిల్లగా బాప్తిస్మం ఇచ్చిన చర్చిలోనే మొదటి ప్రార్థన జరిపింది. పేపర్లో వచ్చింది. 'మేం ఆయన చుట్టూ కూర్చుని సమానత్వం గురించి మాట్లాడుకునేవాళ్లం, ఆ గదిలో ఎవరు లేరో చూసుకోలేదు' అన్నారు. సమర్థించుకోలేదు. గ్రాహంని తప్పుపట్టనూ లేదు. అప్పటి ట్రస్టీలు ఎలాంటివాళ్లో మీకు తెలియదు అని మాత్రం అన్నారు.

ఇంకో విషయం. అనిల్ కుస్తీ కథ చదివి ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత టెరీ శాన్‌ఫర్డ్ గురించి చెప్పారు. ఈ చర్చకి అది ముఖ్యం.

శాన్‌ఫర్డ్ 1950లో ఫయట్‌విల్ వైపు గ్రాహం ప్రచారంలో పనిచేసిన కుర్ర లాయరు. గ్రాహం శిష్యుడే. ఆ ఓటమి తర్వాత ఒక నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, ఎక్కడ దెబ్బతిన్నామో, అప్పుడు ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో రాసుకున్నాడు. పదేళ్ల తర్వాత, 1960లో, గవర్నర్ పదవికి నిలబడ్డాడు. రన్ఆఫ్‌లో ఎదురొచ్చినవాడు బెవర్లీ లేక్, వేర్పాటు వాదే. మళ్లీ అదే ఆట. ఈసారి శాన్‌ఫర్డ్ ఊరుకోలేదు. లేక్ నోరు మెదిపిన ప్రతిసారీ వెంటనే ఎదురుదాడి చేశాడు. ఈయన మాట వింటే మన బడులు మూసుకోవాల్సి వస్తుంది, పక్క రాష్ట్రాల గొడవలు మన ఇంటికి వస్తాయి అని చర్చ మొత్తం బడుల వైపు తిప్పేశాడు. తనకీ వేర్పాటు ఇష్టమే అన్నట్టు కొన్నిచోట్ల మాటలు జారవిడిచాడు కూడా, అది దాచక్కర్లేదు. గెలిచాడు. గెలిచాక తిండి సరుకుల మీద పన్ను వేసి ఆ డబ్బు బడులకి పెట్టాడు. జనం దాన్ని 'టెరీ పన్ను' అని తిట్టుకున్నారు. 1963 జనవరిలో ఉద్యోగాల్లో జాతి వివక్ష ఆపాలని బహిరంగంగా పిలుపునిచ్చాడు. జార్జ్ వాలస్ అలబామా గవర్నరుగా 'వేర్పాటు ఇప్పుడూ, రేపూ, ఎప్పుడూ' అని ప్రమాణం చేసిన వారమే.

చాపెల్ హిల్‌లో గ్రాహం చుట్టూ తిరిగిన ఇంకో కుర్రాడు ఆలర్డ్ లోవెన్‌స్టీన్. తర్వాత 1967లో అధ్యక్షుడు జాన్సన్‌ని దించాలని ఉద్యమం నడిపినాయన. అతనికీ గ్రాహం అంటే ప్రాణం.

వీళ్లిద్దరూ గురువులాగా మర్యాదగా ఉండలేదు. ఆయన ఏం చేయలేదో చూసి నేర్చుకున్నారు. మా పెద్దాయనకి ఈ మాట నచ్చదు. ఆయన దృష్టిలో గ్రాహం ఓడిపోవడం వేరు, తప్పు చేయడం వేరు.

నల్గొండ నరేష్:

పెద్దాయన నిజాయితీకి దండం. సమర్థించుకోకపోవడం చిన్న సంగతి కాదు.

శాన్‌ఫర్డ్ గురించి నాకు ఇంత తెలియదు. కానీ ఒకటి చూడన్నా. 1950 నుంచి శాన్‌ఫర్డ్ ఒక్కడే నేర్చుకోలేదు. హెల్మ్స్ కూడా నేర్చుకున్నాడు. స్మిత్ గెలవగానే ఆయన వెంట వాషింగ్టన్‌కి పోయి ఆఫీసులో పనిచేశాడు. స్మిత్ 1953లో చచ్చిపోయాడు, హెల్మ్స్ మాత్రం 1973 నుంచి 2003 దాకా ముప్పై ఏళ్లు సెనేట్‌లో కూర్చున్నాడు. 1990లో నల్లజాతి అభ్యర్థి మీద, తెల్ల చేతులు ఉద్యోగం రాలేదన్న కాగితాన్ని నలిపేసే టీవీ యాడ్ వేశాడు. 1950 కరపత్రమే, టీవీకి ఎక్కిందంతే.

అడ్మిన్:

ఇప్పటి అమెరికా ఎన్నికల మీద వచ్చిన కొన్ని పోస్టులు తీసేశాను. ఆ గొడవకి వేరే దారం ఉంది. ఇక్కడ ఈ కథే నడవనివ్వండి.

కేరీ కవిత:

అందరికీ నమస్కారం. చదవడమేగానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. నార్త్ కరొలైనా చరిత్ర మీద ప్రాజెక్టు ఇచ్చారు. అందరూ రైట్ సోదరుల విమానం తీసుకుంటున్నారట. దీన్ని తీసుకోమంటాను. శని, ఆదివారాల్లో వెళ్లి చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

మోరిస్‌విల్ మూర్తి:

కవితగారూ, చాపెల్ హిల్‌లో విల్సన్ లైబ్రరీకి వెళ్లండి. గ్రాహం కాగితాలు అక్కడే ఉన్నాయి. సౌత్ మౌఖిక చరిత్ర రికార్డింగులు కూడా అక్కడివే, వాటిలో చాలా భాగం ఆన్‌లైన్‌లో వినొచ్చు. వెళ్లేముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. తర్వాత డర్హంలో పౌలీ మర్రే పెరిగిన ఇల్లు చూడండి, జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు. రెండూ ఒకే రోజు చూస్తే అమ్మాయి ప్రాజెక్టు తనంతట తానే రాయొచ్చు.

2024లో మర్రే బొమ్మతో పావు డాలరు నాణెం కూడా వచ్చింది. అది అతికించమనండి, టీచరు మార్కులు వేస్తారు :)

సత్తెనపల్లి శ్రీను:

ఒకటి మిగిలిపోయింది. ఈ సగం ఓట్లు, రన్ఆఫ్ గోల అక్కడ ఇప్పటికీ ఉందా?

పద్మజ కె.:

ఉంది కానీ గీత కిందికి దిగింది. 1982లో డర్హం ప్రాంతంలో మికీ మిషో అనే నల్లజాతి నాయకుడు కాంగ్రెస్ సీటుకి మొదటి రౌండులో 44 శాతంతో ముందున్నాడు. రన్ఆఫ్‌లో తెల్లజాతి అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. దాని మీద చాలా గొడవ జరిగి, 1989లో చట్టం మార్చి 40 శాతం దాటితే చాలన్నారు. ఇప్పుడు 30 శాతమే.

సత్తెనపల్లి శ్రీను:

అంటే గ్రాహం 48.9తో మే నెలలోనే గెలిచేసేవాడు. స్మిత్ లేడు, హెల్మ్స్ వాషింగ్టన్ ఉద్యోగం లేదు!

నల్గొండ నరేష్:

హెల్మ్స్ ఎట్లైనా పోయేవాడే తమ్ముడూ. రేడియో ఆయన చేతిలోనే ఉంది.